తొమ్మిది సెకన్ల పాట

మొదట కాకి, ఎప్పుడూ కాకే, దానికోసం కళ్ళు తెరవనక్కర్లేదు, అలవాటుగా ఒక గీత గీస్తే చాలు, ఆ తర్వాత పికిలిపిట్టల జంట, ఒకటి ఏదో అడుగుతుంటే రెండోది విసుగ్గా బదులిస్తోంది, ఆ తర్వాత పిచ్చుకలు, అవి ఎన్నున్నాయో చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదు కాబట్టి పదికి పైగా అని రాసి ఊరుకుంటాను. ఆరు కావడానికి పది నిమిషాలుంది. ఆరుకు పావు తక్కువ నుంచి ఏడుకు పావు తక్కువ దాకా గంటసేపు పెరట్లో కళ్ళు మూసుకుని కూర్చుని వినబడిన పిట్టల పేర్లు రాయడం, వారానికి నాలుగు రోజులు, ఏడేళ్ళుగా ఇదే కుర్చీ, ఇదే చోటు. ఈ గంటలో నన్నెవరూ పలకరించకూడదు. పలకరించేదెవరు కనక, మా ఆయన లోపల దుప్పటి ముసుగులో ఉంటారు, నీకు పిట్టలు, నాకు అలారాలు అంటారు. ఈ రోజు మాత్రం ఒళ్ళోని పుస్తకం మీద మనసు నిలవడం లేదు. పదింటికి పురపాలక ఆఫీసు నుంచి అధికారి వస్తాడు, నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి, ఈలపిట్ట అనే అరుదైన పిట్ట ఈ గోడ అవతలి చెట్లలో ఉంటోంది, నా చెవులారా విన్నాను అని. పెడితే ఆ చెట్లను ఇంకో మూడేళ్ళు ఎవరూ ముట్టుకోలేరు. గోడ అవతల పుస్తకాలు కుట్టే బైండరు అన్నయ్య తన సొంత పెరట్లో ఒక్క గది కట్టుకోలేడు.

చెవి విషయంలో నాకు పొగరుంది, ఒప్పుకోవడానికి సిగ్గు లేదు. ఇరవై రెండేళ్ళుగా నాకు కూడు పెట్టింది చెవే. డాక్టర్లు రోగుల గురించి రికార్డరులోకి గబగబా చెప్పి పారేసిన మాటలు విని టైపు చెయ్యడం నా పని, వాళ్ళలో ఒకాయన బిస్కెట్లు నములుతూ చెబుతాడు, ఒకావిడ వాక్యం మధ్యలో ఇంట్లో ఎవరికో పనులు పురమాయిస్తుంది, ఒకాయనకు ప్రతి మందు పేరు ముందూ ఒక నిట్టూర్పు, పదకొండు మందిని పేరు చెప్పకముందే గొంతు సవరించుకునే తీరును బట్టి పోల్చేస్తాను. చేరిన మొదటి రోజే మా సూపర్‌వైజరమ్మ చెప్పింది, "వినబడిందే కొట్టు. వినబడకపోతే ఖాళీ వదిలి పక్కన రికార్డు టైము వెయ్యి. ఊహించి కొట్టావంటే అక్కడ మనిషి ప్రాణం మీదికొస్తుంది." కొత్తలో ఖాళీ వదలాలంటే తల కొట్టేసినట్టుండేది, ఇప్పుడు నా ఫైళ్ళలో ఖాళీలే ఉండవు. దగ్గులు, తుమ్ములు, తలుపు చప్పుళ్ళు, కుర్చీ కిర్రులు మేం టైపు చెయ్యం, అవి విన్నా విననట్టే. పిట్టల లెక్కలోనూ అంతే, పక్షుల సంఘం వాళ్ళు ఇచ్చిన నియమాల కాగితంలో నాలుగో వరుస అదే, మనుషుల చప్పుళ్ళను లెక్కలోకి తీసుకోకూడదు అని. రెండు పనులకూ ఒకే చెవి, ఒకే నియమం, నాకు హాయిగా కుదిరింది.

గోరింక, రెండు గీతలు. ఎవరింట్లోనో కొళాయి తిప్పిన చప్పుడు, అక్కర్లేదు. పొద్దుటి గాలి చల్లగా మెడ మీద తగులుతోంది, శాలువా తెచ్చుకోవాల్సింది, లేస్తే కుర్చీ కదులుతుంది, కదిలితే పొదలో ఉన్నవి నోళ్ళు మూసుకుంటాయి. ఈలపిట్ట ఇంకా పలకలేదు. అది పలికేది ఎప్పుడూ ఆరు దాటాకే. రెండేళ్ళ కిందట మొదటిసారి విన్న రోజు నాకు ఒళ్ళు ఝల్లుమంది, మూడు పొడుగాటి ఈలలు, ఒకదాని కంటే ఒకటి కిందికి దిగుతూ, చివర ఒక చిన్న గరుకు. పరుగున లోపలికెళ్ళి ఆయన్ని కుదిపి లేపితే దొంగలు పడ్డారనుకుని చెప్పు పట్టుకుని లేచారు. సంఘం కార్యదర్శి లెక్కల మాస్టారికి ఫోను చేస్తే ఆయన ఒకే మాట అడిగారు, చూశారా అని. విన్నాను అన్నాను. "మీరు విన్నారంటే మేం చూసినట్టేనమ్మా" అన్నారు. ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు. ఈ చుట్టుపక్కల ఆ పిట్ట పేరు ఎక్కడా రాసి లేదు, ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో విన్నారని ఒక పాత జాబితాలో తప్ప. మాస్టారు ఆఫీసుకు ఉత్తరం రాశారు. సంఘం సభ్యులు ఇద్దరిద్దరుగా వచ్చి మా పెరట్లో కూర్చుని విని తలలూపి వెళ్ళారు. నేను సంఘం పత్రికకు వ్యాసం కూడా రాశాను, మిగతా చోట్ల ఈలపిట్ట పాట చివర లేని గరుకు స్వరం మన చోట ఉంది, ఇది మన పిట్ట యాస అయ్యుంటుందని. యాస అట. ఆ మాట రాసుకుని అద్దంలో నా మొహం నేనే చూసుకున్నాను.

ఆ చెట్లు నాలుగు, వాటి కింద మనిషి దూరలేనంత గుబురు, అన్నీ బైండరు అన్నయ్యవి. ఆయన ఇల్లు ఇరుకు, కింద అంతా బైండింగు పనే, కత్తెర మిషను, కాగితాల కట్టలు, జిగురు డబ్బాలు, మనుషులు పడుకునేది పైన. వదిన, అంటే ఆయన భార్య, కాగితాలు మడత పెట్టడంలో ఎంత చురుకంటే నాతో గోడ మీద నుంచి కబుర్లాడుతూ, నా మొహమే చూస్తూ, ఒళ్ళో వంద కాగితాలు మడిచేసేది. నా మొదటి లెక్కల పుస్తకం అన్నయ్యే కుట్టి ఇచ్చాడు, బూడిదరంగు గుడ్డ అట్ట, "ఒళ్ళో పెట్టుకుంటే దానంతటది మూసుకుపోకుండా కుట్టాను చెల్లెమ్మా" అని. ఇప్పుడు నా ఒళ్ళో ఉన్నది దుకాణంలో కొన్నది, బొటనవేలితో నొక్కిపట్టకపోతే మూసుకుపోతుంది. రెండేళ్ళ కిందట వదిన జారిపడి తుంటి ఎముక విరిగింది, అతికింది కానీ మెట్లు మాత్రం ఇక ఎక్కకూడదు అన్నారు, అప్పుడు ఆయన పెరట్లో కింద ఒక గది కడతానని అర్జీ పెట్టుకున్నాడు. రెండు చెట్లు కొట్టాలి. అప్పటికి నా పిట్ట వచ్చి నెలన్నర. అర్జీ ఆగిపోయింది. ఒక సాయంత్రం ఆయన మా గేటు దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"ఆ పిట్టను నువ్వు చూశావా చెల్లెమ్మా?"

"చూడక్కర్లేదన్నయ్యా, వింటే చాలు."

"నేను పుట్టింది ఆ చెట్ల కింద. నాకెప్పుడూ కనబడలేదు."

"మీరెప్పుడూ కాగితాల మధ్య ఉంటారు కదా" అన్నాను, నవ్వుతూ అన్నాను, తెలియని పిల్లాడికి చెప్పినట్టు. ఆ నవ్వు ఇప్పుడు వెనక్కి తీసుకోవాలని ఉంది. ఆయన చేతులకు జిగురు ఎండి తెల్లగా పొరలు కట్టి ఉంది, దాన్ని గిల్లుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పటినుంచి గోడ మీద మాటల్లేవు. వదిన మనసు కష్టపెట్టుకుందని తెలుసు, కానీ చెట్లు చెట్లే, పిట్ట పిట్టే, వాళ్ళకు అర్థం కాకపోతే నేనేం చెయ్యను అనుకున్నాను, ఎంత తేలిగ్గా అనుకున్నానో.

ఉష్, పలికింది. మొదటి ఈల, రెండోది కాస్త కిందికి, మూడోది ఇంకా కిందికి, ఆ తర్వాత గరుకు. పెన్ను కాగితం మీద పెట్టాను, రాయలేదు. ఎందుకంటే తెల్లవారుజామున, మంచం దిగకముందే, అధికారికి వినిపించడానికి పనికొస్తుందని ఫోనులో ఈలపిట్ట అసలు రికార్డు వెతికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కసారి విన్నాను, ఆ పాటను అలా చెవిలో పెట్టుకుని వినడం ఇదే మొదలు, తొమ్మిది సెకన్ల పాట, మూడు ఈలలు, చివర్లో రికార్డు చేసినాయన గొంతు సవరించుకోబోయి ఆపుకున్న చప్పుడు, అంతటితో తెగిపోయింది. అప్పుడు నిద్రమత్తులో పట్టించుకోలేదు. గొంతు చప్పుళ్ళు పట్టించుకోకపోవడం నా వృత్తి కదా. ఇప్పుడు పొదలోంచి అదే గొంతు సవరింపు వచ్చింది. మళ్ళీ వచ్చింది. మూడు ఈలలు, గరుకు, టక్కున తెగడం, ఊపిరి తీసినంత సేపు కూడా ఆగకుండా మళ్ళీ మొదటి ఈల. ఏ పిట్టా తన పాటను అలా కత్తిరించి అతికించుకోదు. నేను కళ్ళు తెరిచాను. ఏడేళ్ళలో లెక్క గంటలో కళ్ళు తెరవడం ఇదే మొదలు. గుబురులోంచి ఒక నల్లటి పిట్ట ఎగిరి వచ్చి మా బట్టల తీగ మీద వాలింది, తోక చివర రెండుగా చీలి ఉంది, పోలిగాడు, వీధిలో తీగ తీగకూ ఒకటి ఉంటుంది, ఎవరి గొంతు దొరికితే వాళ్ళ గొంతు పెట్టడం దానికి సరదా. నా కళ్ళ ముందే నోరు తెరిచి మూడు ఈలలు వేసి, మనిషిలాగా గొంతు సవరించుకుని, ఆ వెంటనే పిల్లిలా ఒకసారి మ్యావుమంది.

అప్పుడు, సంఘంలో చేరకముందటి ఎండాకాలం మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చింది. సంఘంలో చేర్చుకోవాలంటే పరీక్ష, కళ్ళు మూసుకుని యాభై పిట్టల గొంతులు పోల్చాలి, నలభై తొమ్మిది వచ్చేశాయి, ఈలపిట్ట ఒక్కటే నిలిచేది కాదు, అందుకని బట్టలుతికేటప్పుడు ఫోను ఈ తీగకే క్లిప్పు పెట్టి వేలాడదీసి, పాట అయిపోగానే మళ్ళీ అదే వచ్చేలా పెట్టి, నీళ్ళ చప్పుడులో వినబడాలని గొంతు పూర్తిగా పెంచి, దుప్పట్లూ చొక్కాలూ ఉతికినంత సేపూ అదే, రోజుకు గంట, మూడు నెలలు. కొళాయి హోరులో చివరి గరుకు నా చెవికి ఆనేది కాదు. తీగ మీద కూర్చున్న వాడికి ఆనింది. తర్వాతి ఏళ్ళలో వాడు గానీ వాడి పిల్లలు గానీ దాన్ని అప్పజెప్పడం మొదలుపెట్టారు, నేను దానికి యాస అని పేరు పెట్టి పత్రికలో రాశాను. పదకొండు మంది డాక్టర్లను గొంతు సవరింపు బట్టి పోల్చేదాన్ని, ఒక మగమనిషి గొంతును పిట్ట గొంతనుకుని రెండేళ్ళు రాశాను. నవ్వొచ్చింది, నిజంగానే వచ్చింది, పైకి కాదు.

ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన ఎంత చప్పున వచ్చిందో, ఎవరో పక్కన కూర్చుని అందించినట్టు వచ్చింది. రికార్డులో గొంతు సంగతి గమనించాలంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, ఈ పెరట్లో కూర్చోవాలి, కళ్ళు తెరవాలి, మూడూ ఒకే రోజు చేసే మనిషి నేను తప్ప లేదు. మాస్టారికి అరవై ఎనిమిది, నా మాట మీద ఆయన ఎన్ని ఉత్తరాలు రాశారు, ఎన్ని మెట్లు ఎక్కి దిగారు. అదిగో జీనువాయి, అది నిజం పిట్ట, ఆ చెట్లలోనే గూడు కట్టింది. ఆ నాలుగు చెట్లలో ముప్ఫై ఒక్క రకాలు నా చెవితో విన్నాను, వాటిలో పోలిగాడి కల్తీ ఎంతో ఇప్పుడు చెప్పలేను కానీ సగానికి పైగా నిజమే, రెండు చెట్లు పోతే వాటిలో చాలా వరకు రావు. ఈలపిట్ట లేకపోతే మిగతావాటి కోసం ఏ ఆఫీసూ ఏ గదినీ ఆపదు. ఒక్క సంతకంతో అన్నీ ఉంటాయి. చెట్లుంటాయి, పిట్టలుంటాయి, మాస్టారి మాటుంటుంది, నా పరువుంటుంది. తప్పని తెలియక రాసింది తప్పు కాదు, తెలిసి పెట్టే సంతకం సంగతి వేరు, అది నాకు తెలుసు, అయినా కాసేపు తెలియనట్టే కూర్చున్నాను. పోలిగాడు తీగ మీద తోక ఆడిస్తున్నాడు. వాణ్ణి మెడ పట్టుకుని పిసకాలనిపించింది, పాపం వాడేం చేశాడు, వినబడింది వినబడినట్టు చెప్పాడు.

ఆరున్నర. గోడ అవతల ఇనుప మెట్ల మీద చప్పుడు. పైనుంచి కిందికి పద్దెనిమిది మెట్లు. ముందు ఒక్క మనిషి దిగుతాడు, చేతిలో దిండో ఏదో, దాన్ని కింద కుర్చీలో వేసి మళ్ళీ పైకి వెళ్తాడు, చకచకా. కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత బరువుగా దిగుతాడు, ఒక మెట్టు, ఆగడం, ఒక మెట్టు, ఆగడం, పదకొండో మెట్టు దగ్గర కాసేపు ఎక్కువగా ఆగడం, అక్కడ కమ్మీకి ఆనుకుంటాడు, ఇనుము చిన్నగా మూలుగుతుంది. పగలంతా కింద ఆయన పక్కనే కూర్చుని కాగితాలు మడవడానికి వదినను రోజూ ఇలా ఎత్తుకుని దింపుతాడు, సాయంత్రం ఇలాగే ఎక్కిస్తాడు. నాకెవరూ చెప్పలేదు. అసలు నాకు ఎంత తెలుసో అప్పుడు తెలిసింది. మొదటి నెల మెట్ల మలుపులో వదిన ప్రతిసారీ అబ్బా అనేది, రెండో నెల నుంచి అనడం మానేసింది. వాన పడిన రోజుల్లో ఆయన ముందుగా మెట్ల మీద గోనెలు పరిచేవాడు, వాటి తడి చప్పుడు వేరు. పోయిన చలికాలం నుంచి ఆయన కుడి పాదం పూర్తిగా ఆనడం లేదు, మడమ ఒక్కటే తగిలి ఈడుస్తుంది, మోకాలు పోతోంది. అదే ఒక పిట్ట రెక్క ఈడిస్తే తారీఖుతో సహా రాసి మాస్టారికి ఫోను చేసేదాన్ని. పది అడుగుల దూరంలో కళ్ళు మూసుకుని కూర్చుని రెండేళ్ళ పాటు ఈ చప్పుళ్ళన్నీ పక్కన పెట్టాను. నాలుగో వరుస నియమం ప్రకారం పక్కన పెట్టాను. ఇంకొకరు చేసి ఉంటే దానికి పెడచెవిన పెట్టడం అని పేరు పెట్టేదాన్ని.

పుస్తకం కుర్చీ మీద పడేసి బట్టలుతికే గట్టు ఎక్కాను. పిచ్చుకలన్నీ భగ్గున లేచాయి, లెక్క పాడయింది, పాడవనీ. గోడ నా ఛాతీ దాకా వచ్చింది. వాళ్ళు పదకొండో మెట్టు మీద ఉన్నారు. అన్నయ్య కమ్మీకి ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడు, వదిన రెండు చేతులూ ఆయన మెడ చుట్టూ ఉన్నాయి, ఆమె మొహం నా వైపే ఉంది, చిక్కిపోయింది, చెవి దగ్గర జుట్టు మొత్తం తెల్లబడింది. ఇన్నాళ్ళూ నా లెక్కలో ఆమె ఒక బరువైన అడుగు మాత్రమే.

"అన్నయ్యా" అన్నాను.

ఆయన తల తిప్పలేదు. "ఆఫీసరు పదింటికొస్తాడని కాగితం వచ్చిందమ్మా. అప్పుడే మాట్లాడుకుందాం. ముందు దీన్ని దింపనియ్యి."

"సంతకం పెట్టను. ఆ పిట్ట లేదు, ఎప్పుడూ లేదు. నా ఫోనులో పాట విని పోలిగాడు పాడుతున్నాడు. రెండేళ్ళూ వాడే. ఆఫీసరుకీ అదే చెబుతాను, మాస్టారికీ చెబుతాను. తప్పు నాదే."

అప్పుడు తిప్పాడు. కోపంగా చూస్తాడనుకున్నాను, ఆయన మొహంలో కోపం వెతికితే అలసట తప్ప ఏమీ దొరకలేదు. "పోలిగాడంటే ఆ తోక చీలిన నల్లదేనా?" అన్నాడు. "అది మా కత్తెర మిషను చప్పుడు కూడా చేస్తుంది. మిషను ఆపేశానా లేదా అని నేనే రెండుసార్లు వెనక్కెళ్ళి చూసుకున్నాను. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా."

క్షమించండి అని ఒకటి ఉంది, అది ఈ గోడ మీద పెట్టడానికి చాలా చిన్నది. వదిన నన్నే చూస్తోంది. ఆమె గొంతు విని రెండేళ్ళయింది, పైకి మాట్లాడితే ఎలా ఉంటుందో మరచిపోయాను, సన్నగా, నిదానంగా, ఏ కబురైనా చివరి దాకా చెప్పే గొంతు.

"నీకు అన్నీ వినబడతాయి కదా వదినా" అంది. "మేం దిగడం వినబడలేదా?"

కళ్ళు మూసుకుని ఉంటానని చెప్పొచ్చు. పిట్టల మీద ధ్యాసలో పడి పట్టించుకోలేదని చెప్పొచ్చు, నియమం ఉందని చెప్పొచ్చు, కాగితం తెచ్చి చూపించొచ్చు. ఇవన్నీ నాలుక చివరికి వచ్చాయి.

"వినబడింది వదినా" అన్నాను. "రోజూ వినబడింది."

ఆమె మొహం ఆయన భుజం మీద ఆనించుకుంది. ఆయన ఆమెను కాస్త పైకి సర్దుకుని, ముందు ఎడమ కాలు, తర్వాత కుడి మడమ కిందికి దించాడు. ఇంకా ఏడు మెట్లున్నాయి.